పిడికిలి డబ్బా

"ఆ డబ్బ ముట్టినవంటే నా మీద ఒట్టే" అన్నాడు జనార్దన్.

భాగ్యలక్ష్మి ముట్టలేదు. అలాగని చెయ్యి వెనక్కీ తీసుకోలేదు. వంటింటి అర మీద, కందిపప్పు పక్కనున్న ఆ పెద్ద పాలపొడి డబ్బాకు జానెడు దూరంలో ఆమె చెయ్యి అలాగే ఆగింది.

"దుమ్ము తుడుస్తున్న" అంది.

"నాలుగు రోజుల సంది తుడుస్తనే ఉన్నవ్. అంత దుమ్ము ఎక్కడి నుంచి వస్తున్నదే?"

"ఇది ఎడారి గాదా? అడుగుతవేంది మళ్ల!"

ఇంకో రోజైతే ఈ మాటకు జనార్దన్ నవ్వేవాడే. ఈ శుక్రవారం నవ్వలేదు. వచ్చే గురువారంతో ఇంటిల్లిపాదినీ ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డుల గడువు తీరిపోతుంది. మామూలుగా అయితే అదేమంత పెద్ద పని కాదు. కానీ ఈ జూలై నుంచి పెళ్ళానికి నెలకింత, పిల్లకు నెలకింత అని లెవీ పెట్టారు. ఏడాదిది మొత్తం ముందే కడితే తప్ప కార్డు కొత్తది రాదు. వచ్చే ఏడు అది రెండింతలట, ఆపై ఏడు మూడింతలట. ధహ్రాన్‌లో ఏసీలు బాగుచేసే జనార్దన్ కంపెనీ నాలుగు నెలలుగా జీతమే ఇవ్వలేదు. ఈ వారం, ఈ వారం అంటూ అకౌంటెంటు నాలుక అరిగిపోయింది గానీ బ్యాంకు నుంచి ఒక్క మెసేజీ రాలేదు.

ఇదంతా ఇంటి గుట్టు. ఆ గుట్టు పై అంతస్తు తాజున్నీసాకు తెలిసిపోవడమే పొద్దుటి నుంచి గొడవ.

"ఆమెకెందుకు చెప్పినవ్?"

"అడిగింది, చెప్పిన."

"ఏమడిగింది?"

"ముఖం ఎందుకట్ల వాడిపాయెనని అడిగింది. ముఖానికి తాళమేసుకుంటనా?"

"ఆమె మొగనికి చెప్పింది. ఆయన క్లబ్బుకు చెప్పిండు. ఇప్పుడు క్లబ్బోళ్లు డబ్బ పైసలు నాకే ఇస్తమని బయలెల్లిండ్రు. అధ్యక్షునికి ధర్మం జేస్తరట! నా ఇజ్జత్ బజార్ల పెట్టినవ్."

"ఇజ్జతున్నది గాబట్టే బజార్ల పడ్డది. లేనోని సంగతి ఎవలడుగుతరు?"

జనార్దన్ సామాను పెట్టె తెరిచి, అందులో ఏమీ వెతక్కుండానే మూశాడు.

"నీ సకినాల పైసలు?" అన్నాడు కాస్త గొంతు తగ్గించి. "పచ్చళ్లు, సర్వపిండి, సకినాలు... రెండేండ్ల సంది ఈ తుక్బా బస్తీల సగం రూములకు నువ్వే అమ్ముతివి. గవి లెవీకి పనికొస్తయనుకున్న."

"ఖర్చయినయ్."

"అన్నీ?"

"అన్నీ."

 భాగ్యలక్ష్మి చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అడిగితే ఏడుస్తుందేమోనని జనార్దన్ అడగలేదు. నిజానికి ఆమె ఏడ్చే వాలకంలో లేదు. ఆ సంగతి అతను గమనించలేదు. కోపంలో ఉన్న మగవాడు గమనించేవి ఎప్పుడూ తక్కువే.

ఆ డబ్బా అంటే జనార్దన్‌కు ప్రాణం. ధహ్రాన్, ఖోబర్, ఖతీఫ్ చుట్టుపట్ల పనిచేసే పన్నెండుమంది తెలుగువాళ్ళు కలిసి, ఊళ్ళో మానేరు యూనివర్సిటీ ఆటగాళ్ళకు సాయం చేసే క్లబ్బు అది. హాస్టలు పిల్లలకు రోజుకు రెండు గుడ్లు, గ్లాసెడు పాలు, కాలికి సరైన బూట్లు, పోటీలకు రైలు టికెట్లు. పోయిన ఏడు ఒక పిల్ల కంచు పతకం తెస్తే, ఖతీఫ్ క్యాంపులో పెద్ద బిర్యానీ గిన్నెలో పాయసం వండుకుని తిన్నారు. ఆ పిల్ల ముఖం వీళ్ళలో ఒక్కడూ చూడలేదు. అయినా వారం పాటు ఒక్కొక్కడూ పెళ్ళికొడుకు తండ్రిలా తిరిగాడు.

మొదట్లో ఎవరెంత ఇచ్చారో రాసి వాట్సాప్‌లో పెట్టేవారు. ఖతీఫ్ ఖర్జూరం తోటలో పనిచేసే పీరయ్య ఆ ఏడు ఏమీ ఇవ్వలేకపోయాడు. పేరు పక్కన సున్నా చూసుకుని గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. బతుకమ్మకు పిలిస్తే రాలేదు. చివరికి ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోయేటప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. అది జనార్దన్‌ను కుదిపేసింది. అప్పుడు పుట్టింది పిడికిలి డబ్బా.

మూతకు చెయ్యి దూరేంత బొక్క. రేకు కోసుకోకుండా బొక్క అంచుకు క్లబ్బులోని నర్సింలు రబ్బరు పైపు ముక్క చీల్చి తొడిగాడు. నెలకో శుక్రవారం ఇక్కడే కూర్చుని డబ్బాను చేతులు మారుస్తారు. ప్రతి మనిషీ పిడికిలి బిగించి లోపల పెట్టాలి, తెరిచి బయటికి తియ్యాలి. ఇచ్చేవాడూ అంతే, ఇవ్వలేనివాడూ అంతే. నోట్లే వెయ్యాలి. చిల్లర మోగుతుంది, నోటు మోగదు. ఎవరు వేశారో, ఎవరు ఊరికే చెయ్యి పెట్టారో పక్కవాడికి కూడా తెలియకూడదు. అప్పటి నుంచి క్లబ్బు విడిచి ఎవరూ పోలేదు.

జుమ్మా నమాజు అయిన పావుగంటకు తలుపు తట్టారు.

ముందు వచ్చినవాడు మహబూబ్ సుభాని, తాజున్నీసా భర్త, కడప మనిషి. మొబైల్ దుకాణాల్లో స్వదేశీయులే ఉండాలన్న రూలు వచ్చాక షాపు మూసేసి స్కూలు వ్యాను నడుపుతున్నాడు. వెనకాల నర్సింలు, జగిత్యాల దిక్కు తాపీ మేస్త్రి. ఖతీఫ్ క్యాంపు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చూడగానే జనార్దన్‌కు గుండె కలుక్కుమంది. మాట్లాడ్డానికి కాదు, పరామర్శకు వచ్చినట్టుంది.

"పాప మా అఫ్షాన్‌తో ఆడుకుంటాంది, నువ్వేం దిగులు పడొద్దు" అంటూ కింద కూర్చున్నాడు సుభాని. "జనార్దన్నా, సుత్తి లేకుండా చెప్తా. డబ్బా తీయప్పా."

"తియ్య."

"నీ ఇంట్లో నిప్పంటుకుంటే బక్కెట్టు నీళ్ళు పొయ్యడానికి కూడా నీ పర్మిషను కావాల్నా?"

"గవి పిల్లల నీళ్లు సుభానన్నా. యూనివర్సిటీ పొల్లలు నలుగురు డిసెంబర్ల పోటీలకు పోవాలె. రెండు రాత్రుల రైలు. నేను లెవీ కట్టుకోని ఈడ సల్లగ కూసుంటే, రైలు వాళ్ల కోసం ఆగుతదా?"

నర్సింలు, సుభాని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రైలు సంగతి చెప్పు నువ్వే" అన్నాడు సుభాని.

నర్సింలు గొంతు సవరించుకున్నాడు. "ఏం జెప్పాలె అన్నా... కోచ్ ఊర్మిల మేడం కాలు ఇరిగింది. బాత్రూంల జారిందట. మూడు నెలలు మంచమే. ఆడివిల్లలను పంపాలంటే ఆడమనిషి మేనేజర్ ఎంబడి ఉండాలె. యూనివర్సిటీల ఇంకో ఆడ కోచ్ లేదు. మొగపోరగాండ్ల టీం పోతున్నది. ఆడివిల్లలది క్యాన్సల్ జేస్తరట."

"క్యాన్సలా!"

"అందుకే చెప్తాండాం" అన్నాడు సుభాని మెల్లగా. "టికెట్ల దుడ్లుండాయి, తోడు పోయే మనిషి లేదు. ఆ దుడ్లు ఈ ఏడు ఎట్లాగూ ఊరికే ఉంటాయి. నువ్వు వాడుకో. భాగ్యలక్ష్మమ్మా, పాపా ఈడనే ఉంటారు. ముందు ముందు నీకు జీతం వచ్చినాక నీ ఇష్టం. ఇందులో తప్పేముందప్పా?"

తప్పేమీ లేదు. అదే జనార్దన్‌ను ఇంకా బాధపెట్టింది. కూతురు సృజన స్కూలు, పెళ్ళాం చేతి కూడు, పని నుంచి వచ్చేసరికి వెలిగే వంటింటి దీపం, అన్నీ ఆ అర మీదే ఉన్నాయి. చెయ్యి చాస్తే అందుతాయి. ఒక్క క్షణం అతని మనసు చెయ్యి చాచింది కూడా. తన మీద తనకే రోత పుట్టి లేచి నిలబడ్డాడు.

"నాకు ఆ హక్కు లేదన్నా" అన్నాడు. "ఎందుకంటే... నాలుగు నెలల సంది నేను పెడుతున్నది ఖాళీ పిడికిలి."

జనార్దన్ అర మీది డబ్బా వైపు చెయ్యి చూపించాడు.

"అధ్యక్షున్ని నేను. అందరికంటె ముందు చెయ్యి పెట్టేది నేను. ఉత్త చెయ్యి. మీరేమో నన్ను దాత అనుకోని వచ్చిండ్రు."

నర్సింలు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. సిమెంటు తిని పగిలిన చేతులు. "నేను బక్రీద్ సంది అన్నా" అన్నాడు తల ఎత్తకుండా. "ఈడి మనుషులు తక్కువున్నరని సర్కారు కంపెనీని రెడ్‌ల పెట్టింది. ఓవర్‌టైం బంద్. క్లబ్బుల ఉన్న నా రూమోళ్లు ఐదుగురివీ గదే కత. ఒకనికొకడు చెప్పుకోలేదు గని, పడుకున్నంక ఒకని ఊపిరి ఒకనికి తెలువదా?"

సుభాని కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆపైన భుజాలు కదిలేట్టు నవ్వడం మొదలుపెట్టాడు. "అల్లా! నేను షాపు మూసినప్పట్నించీ మూడు తూర్లు. ప్రతి తూరీ మీ ముఖాలు చూసి, ‘పాపం వీళ్ళు ఇస్తాండారు, నేనే దొంగని’ అనుకుంటి!"

ముగ్గురూ నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. సిగ్గు పంచుకుంటే ఇంత తేలికవుతుందని ముగ్గురికీ ఇన్నాళ్ళు తెలియలేదు. ముందుగా నవ్వు ఆపినవాడు నర్సింలు.

"మరి డబ్బ ఎట్ల నిండింది?"

నిజమే. పోయిన నెల తెరిచినప్పుడు బూట్లకు, గుడ్లకు, పాలకు సరిపోయి రైలు టికెట్లకు మిగిలింది కూడా. పన్నెండుమందిలో ఎనిమిది ఖాళీ పిడికిళ్ళు ఇక్కడే తేలాయి. మిగిలిన నలుగురు నాలుగు ఊళ్ళ మోతుబరులు కారు.

భాగ్యలక్ష్మి చాయ్ కప్పులు తెచ్చి మధ్యలో పెట్టింది. "తాగుండ్రి, సల్లారుతది" అంది. ఎవరి ముఖంలోకీ చూడలేదు. ఆ చూడకపోవడంలోనే జనార్దన్‌కు అంతా అర్థమైపోయింది.

"భాగ్యా... నీ సకినాల పైసలు..."

"ఔ" అంది.

"ఇఖామా పైసలు తీసి డబ్బల ఏసినవా!"

"ఇఖామా పైసలని వాటి మీద రాసున్నదా? నేను నూనెల కాలిన చేతులతోటి సంపాదించిన పైసలు. నాకు బుద్ధివుట్టిన కాడ ఏసుకున్న."

"మరి నాకు..."

"నీకేంది? మూడేండ్ల సంది ఈ ఇంట్ల డబ్బ తిరుగుతున్నది. అందరి ముంగటికి పోయింది. నా ముంగటికి ఎన్నడన్న వచ్చిందా? ‘భాగ్యా, నువ్వు గుడ చెయ్యి పెట్టు’ అని ఒక్కలన్నరా? చాయ్ పొయ్యి అన్నరు, పోసిన. డబ్బ తుడువు అన్నరు, తుడిసిన. మీరు పోయినంక నా పిడికిలి నేను పెట్టుకున్న."

సుభాని చాయ్ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి తాగకుండానే దించాడు. నర్సింలు ఇస్త్రీ చొక్కా గుండీ తడుముకుంటూ కూర్చున్నాడు. మాట పడాల్సింది ముగ్గురూ, ముగ్గురికీ సరిగ్గా తగిలింది.

"లెవీ కట్టకుంటే పోవాలె గదనే! ఆ మాత్రం తెలువదా నీకు?" జనార్దన్ గొంతులో కోపం ఉంది గానీ దానికి కాళ్ళు లేవు.

"జూలైలనే తెలిసింది. ఈ ఏడు కడుతం. వచ్చే ఏడు రెండింతలు ఎక్కడి నుంచి తెస్తం? అది నింపేకొద్ది లోతయ్యే బొంద. నేను ఒండినదంత ఆ బొందల పొయ్యాల్నా? ఉరికే పొల్లల కాళ్లకు పోసిన. మంచిగ జేసిననో, చెడ్డగ జేసిననో నీ ఇష్టం, అనుకో."

అని చీర కొంగు నడుముకు దోపి, అందరి మధ్యా నేల మీద కూర్చుంది. క్లబ్బు పుట్టాక ఆమె మీటింగులో కూర్చోవడం అదే మొదలు.

"ఇంకో మాట గుడ చెప్త. నేను ఆ యూనివర్సిటీల చదివిన్నని తెలుసు. ఉరికేదాన్నని తెలుసు. ఎందుకు బంద్ జేసిన్నో ఎప్పుడన్న అడిగినవా?"

"పెండ్లయింది గదా..."

"పెండ్లి తరువాత. ముందుగాల రిలే టీం. నలుగురం. కర్ర అందుకోని ఉరికే మూడో మనిషిని నేను. మా యూనివర్సిటీ ఆడివిల్లలు గెలిచి పెద్ద పోటీలకు పోవుడు అదే మొదటిసారి. టికెట్లున్నయ్, బూట్లున్నయ్. తోడు వచ్చే ఆడమనిషి లేదు. మొగపోరగాండ్లు రైలెక్కిండ్రు. మేం నలుగురం స్టేషన్‌ల నిలవడి వాళ్లకు చేతులూపి, ఆటోల హాస్టల్‌కు వచ్చినం. ఆ తరువాత మేం నలుగురం మళ్ల గ్రౌండుకు పోలే."

 జనార్దన్ పదమూడేళ్ళ సంసారంలో ఆమె ఊరగాయల ఉప్పు దాకా తనకు తెలుసనుకున్నాడు. ఇంత పెద్ద మనిషి ఇంట్లో తిరుగుతుంటే తాను వంటింటి దీపాన్ని మాత్రమే చూశాడు.

"నర్సింలు తమ్మీ, తోడు మనిషి లేదంటివి గద" అంది భాగ్యలక్ష్మి. "మనిషి ఉన్నది."

"ఎవలు వదినె?"

"నేనే. తాజున్నీసక్క నిన్న చెప్పంగనే ఊర్మిల మేడంకు ఫోన్ జేసిన. పాత ప్లేయరైతే ఇంకా మంచిదన్నది. రిజిస్ట్రార్ తోటి లెటర్ ఇప్పిస్తనన్నది. గురువారం లోపల్నే నేను, బిడ్డ పోతం."

"ఎట్ల పోతవ్?" అన్నాడు జనార్దన్. "తిరిగొచ్చే వీసా కొట్టాలన్నా లెవీ కట్టాల్సిందే."

"తిరిగొచ్చేది ఎవలన్నరు? ఫైనల్ ఎగ్జిట్ కొట్టు. నీ ఫోన్ల సర్కారు యాప్ అబ్షర్ తెరిస్తే రెండు నిమిషాల పని."

సుభాని తల అటు తిప్పుకున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఆ మాట పడ్డ చోట మూడో మనిషి కళ్ళు ఉండకూడదని అతనికి తెలుసు.

"ముందే నాకెందుకు చెప్పలేదు?" అడిగాడు జనార్దన్. "వద్దంటననా?"

"కాదు. సరే అంటవని."

"అదేంది?"

"నువ్వు సరే అంటే అది అధ్యక్షుని మంచితనమైతది. ‘జనార్దన్ ఎంత గొప్పోడు, పెండ్లాన్ని గుడ పంపిండు’ అంటరు. ఈ ఒక్కటి నాది గావాలె. గందుకే చెప్పలే."

జనార్దన్‌కు ఆ మాట చెంపదెబ్బలాగే తగిలింది. కానీ దెబ్బ తగిలిన చోట మంట పుట్టలేదు, గర్వం పుట్టింది. ఇదేం మనిషో, దీని తస్సదియ్యా, ఇది నా పెళ్ళాం అనుకున్నాడు. అలా అనుకుని, ‘నా’ అనే ఆ ఒక్క మాట దగ్గర తడబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు.

అబ్షర్ తెరుచుకుంది. కుటుంబ సభ్యులు ఇద్దరు. భార్య, కూతురు. ఆ రెండు పేర్లూ అరబ్బీ అక్షరాల్లో ఇంత చిన్నగా ఉంటాయని అతనికి గుర్తు లేదు.

"మీ ఫ్లైటు టికెట్లకెట్లా మరి?" అన్నాడు సుభాని. "డబ్బాలోంచి తియ్యండమ్మా. క్లబ్బు పని మీద పోతాండావు, నీకు హక్కుండాది."

"ఆ డబ్బల నుంచి నాకు ఒక్క నోటు వద్దన్నా. గవి నలుగురు పొల్లలయి. నా టికెట్లు ఎట్లనో నేను జూసుకుంట. ఇంకా తొవ్వ దొరుకలే, దొరుకుతది."

జనార్దన్ బొటనవేలు ఫైనల్ ఎగ్జిట్ అన్న మాట మీద ఆగింది. నొక్కితే అయిపోతుంది. నొక్కకపోయినా గురువారం రాక మానదు. వేలు దించబోయాడు.

ఫోను చేతిలోనే వణికింది. బ్యాంకు మెసేజీ.

చదివింది నమ్మలేక మళ్ళీ చదివాడు. నాలుగు నెలలకు గాను ఒక్క నెల జీతం పడింది. ఒక్కటే. అయినా పడింది!

"జీతం!" అని అరిచాడు. "అన్నా, జీతం పడ్డది! ఒక నెలది!"

"అల్హమ్దులిల్లా!" సుభాని లేచి అతన్ని వాటేసుకున్నాడు. నర్సింలు చేతిలోని చాయ్ ఇస్త్రీ చొక్కా మీద ఒలికింది. అతనికి పట్టింపే లేదు.

జనార్దన్ మోకాళ్ళ మీదే భార్య దగ్గరికి జరిగి ఫోను ఆమె ముందు పెట్టాడు. పొద్దుటి నుంచి పట్టుకున్న ఏడుపు ఇప్పుడు నవ్వులో కలిసి వచ్చేసింది.

"సూడే భాగ్యా! సరిగ్గ సరిపోతది. ఇద్దరి లెవీ కట్టొచ్చు. ఎవలూ ఎక్కడికి పోవుడు లేదు!"

భాగ్యలక్ష్మి ఫోను అందుకుంది. ఆ అంకెలను నిదానంగా, పెదవులు కదుపుతూ చదువుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం ఆ రోజంతట్లో అప్పుడే చూశాడు జనార్దన్. గెలిచాననుకున్నాడు.

ఆమె ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఔ, సరిపోతది" అంది. "నాకు, బిడ్డకు టికెట్లు చెయ్యి."